యంత్రంలో ముప్పై ఎనిమిది తోటలు

లుఫీటా రేవు
జూన్ 9

లుసుంగూ,

నువ్వు ఎవరి పక్షం? ముందు దీనికి జవాబు చెప్పు, నా యోగక్షేమాలు తర్వాత అడుగుదువు గాని.

నువ్వు పంపిన అప్‌డేట్ మా పఠన మందిరం కంప్యూటర్ని పడగొట్టింది. పడవ మీద వచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టాను. నువ్వు కాగితం మీద రాసిచ్చిన వరుస అక్షరం పొల్లుపోకుండా కొట్టాను. చాలాసేపు ఏదో గొణిగింది, మధ్యలో తనంతట తానే నిద్రపోయింది. మళ్ళీ లేపితే కిటికీలూ లేవు, బొమ్మలూ లేవు. నల్లటి తెర, దాని మీద తెల్లటి అక్షరాలు.

నిన్న సాయంత్రం ప్రార్థనలో సంఘ పెద్ద యోనామ్ లేచి నిలబడ్డాడు. ఊరి పెద్దకి స్వయానా తమ్ముడు, నీకు తెలుసుగా. "బెల్షస్సరు విందులో గోడ మీద పడిన రాత ఇదే! దేవుడు ఒబదియా యంత్రాన్ని తూకం వేశాడు, తేలిపోయింది" అన్నాడు. నేను ఊరుకుంటానా? "అన్నా, ఆ రాత చదివి చెప్పడానికి దానియేలుని పిలిచారు గాని ఊరి పెద్ద తమ్ముణ్ణి పిలవలేదు" అన్నాను. వెనక బెంచీల మీద ఆడవాళ్ళు నవ్వారు. ముందు బెంచీలు నవ్వలేదు.

నవ్వులాట కాదిది. కొండవాలులో మన విధవరాండ్రవి ముప్పై ఎనిమిది కర్రపెండలం తోటలున్నాయి. అక్కడ పర్యాటకుల బస కట్టుకుంటానని రాజధాని నుంచి ఒకాయన వచ్చి పోయాడు, ఊరి పెద్ద సరేనన్నాడు. జూలై 28 సోమవారం మధ్యాహ్నం పన్నెండుకల్లా న్ఖాటా బే కార్యాలయానికి దరఖాస్తు అందని నేలని ఖాళీ నేలగా రాసుకుంటారట. ఆ దరఖాస్తులు నాలుగు నెలలు కూర్చుని టైపు చేశాను. ఏ బండ దగ్గర మొదలు, ఏ వాగు దగ్గర ఆఖరు అని వాళ్ళు చెప్తుంటే నేరుగా యంత్రంలోకే ఎక్కించాను. కాగితం మీద నకలు లేదు. హద్దులన్నీ తిరిగి చూపించిన ముసలి దౌడా మార్చిలో కన్నుమూశాడు. ఇక ఎవరు చూపిస్తారు?

అహాబు రాజు నాబోతు తోటని ఏం చేసి లాక్కున్నాడు? దొంగ కాగితం రాయించాడు. ఇక్కడ దొంగ కాగితం కూడా అక్కర్లేదు, అసలు కాగితం అందకపోతే చాలు.

త్వరగా రాయి.

ఒబదియా మామయ్య


ముజుజు
జూన్ 16

మామయ్యా,

నేను విధవరాండ్ర పక్షం. యంత్రం పక్షం కూడా. మీ పక్షమా అంటే, అది మీ ప్రవర్తనని బట్టి.

ముందు ఊపిరి పీల్చుకోండి. తోటలు పోలేదు. ఇంటికి కొత్త కప్పు వేస్తుంటే పనివాళ్ళు సగంలో దిగిపోయారనుకోండి. పాత కప్పు తీసేశారు, కొత్తది పూర్తిగా పడలేదు. ఇంట్లో సామాను ఎక్కడిదక్కడే ఉంది. మీరు టైపు చేసిన ప్రతి బండా, ప్రతి వాగూ అందులోనే ఉన్నాయి. ఎవరైనా వచ్చి "మొత్తం చెరిపేసి కొత్తగా వేస్తా" అంటే మాత్రం వాడి చెయ్యి పట్టుకుని బయటికి పంపండి. అప్పుడు నిజంగానే పోతాయి.

విడి కాగితం మీద నాలుగు వరుసలు రాశాను. నల్ల తెర మీద ఒక్కొక్కటీ కొట్టండి. ఖాళీ ఉన్నచోట ఖాళీ, గీత ఉన్నచోట గీత. అది ఏం చెప్తే అది నోటుపుస్తకంలో రాసి పంపండి. అర్థం మీరు చెప్పకండి, అక్షరాలు పంపండి. నాలుగో వరుస కొడితే ఆ రోజు జరిగిన పని జాబితా వస్తుంది. దాని చివరి పది వరుసలు తేదీ, గంటతో సహా కావాలి.

ఇంకో మాట. ఆ రోజు కరెంటు పోయిందా? నిజం చెప్పండి.

మా కళాశాలలో నలభై యంత్రాలు చూసుకుంటున్నాను. వాటిలో ఒక్కటీ తనంతట తాను నిద్రపోలేదు.

లుసుంగు


లుఫీటా రేవు
జూన్ 25

మేనకోడలా,

నీ యంత్రానికి మర్యాద నేర్పలేదు. మొదటి వరుస కొట్టగానే నీకు అధికారం లేదంది. నా మందిరంలో, నా కుర్చీలో, నాతో! ఐగుప్తులో మోషేనీ ఇలాగే అడిగారు, మా మీద నిన్నెవరు అధికారిగా నియమించారని. తర్వాత చూస్తే నీ కాగితంలో మొదటి మాట ఒకటి నేను వదిలేశాను. అది పెట్టి సంకేతపదం కొడితే ఒప్పుకుంది. మోషేకి కర్ర ఉన్నట్టు దీనికీ ఒకటి ఉందన్నమాట.

రెండో వరుసకి ఏమందో తెలుసా? పని మధ్యలో తెగిపోయింది, నువ్వే నీ చేత్తో సరిచెయ్యాలంది. మూడో వరుసకి ముద్రణ ప్యాకేజీల పేర్లు రెండు చెప్పి, ఇవి చాలా చెడ్డ స్థితిలో ఉన్నాయి, సరిదిద్దే ముందు మళ్ళీ మొదటినుంచీ వేయాలంది. లుసుంగూ, ముప్పై ఏళ్ళుగా బోధిస్తున్నాను. ఏ పాపికీ నేను ఇంత సూటిగా చెప్పలేకపోయాను.

దరఖాస్తులు కనిపించాయి! నీ కాగితం వెనక రాసిన వరుసతో తెరిచాను. అక్షరాలు ఉన్నాయి, అచ్చుకి మాత్రం పోవు. చేత్తో రాసి పంపుదామా అంటే కార్యాలయం అచ్చు ఫారమే తీసుకుంటుంది. దాని మీదే వేలిముద్ర పడాలి. ఈ ముసలివాళ్ళలో సగం మంది పడవ ఎక్కలేరు. నకలు తీసి నీకు పంపుదామంటే నీ పెన్‌డ్రైవ్ అప్పుడే తిరుగు పడవలో పంపేశాను. కాబట్టి అచ్చు ఇక్కడే పడాలి. యంత్రాన్నే నీ దగ్గరికి తెద్దామంటే, సంఘం ఆస్తి గడప దాటకూడదని యోనామ్ తీర్మానం చేయించాడు.

అంతటితో ఆగలేదు. న్ఖాటా బే నుంచి కంప్యూటర్లు బాగుచేసే మనిషిని ఒకణ్ణి తెచ్చాడు. వాడు చంకలో సంచీతో వచ్చి "నాన్నగారూ, డబ్బివ్వకుండా ఊరికే వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇలాగే ఉంటుంది. గంటలో కడిగేసి కొత్తగా చేస్తా" అన్నాడు.

నేను గుమ్మంలో అడ్డంగా కూర్చున్నాను. "ఊరికే పుచ్చుకున్నారు గనక ఊరికే ఇవ్వండి అన్నాడు ప్రభువు. ఊరికే వచ్చింది కాబట్టే ఇది నాదీ, నీదీ, ఈమెదీ. నా ఒంటి మీంచి దాటి వెళ్ళి కడుక్కో" అన్నాను.

ఈమె అంటే పక్కనే ఉన్న న్యాకౌంగ, ఆ ముప్పై ఎనిమిది మందిలో ఒకతె. నడుముకి చుట్టుకున్న చితెంజె గుడ్డ బిగించి నా పక్కనే చతికిలబడింది. వాడు వెళ్ళాక నావైపు తిరిగి, "ఒబదియా, నా తోట ఆ పెట్టెలో ఉంది. బయటికి తీసిస్తే సరే. లేదంటే వచ్చే వానలకి నీ తోటలో గొయ్యి తవ్వి నా పెండలం నాటుకుంటా. మీ ఆవిడకి ఇప్పుడే చెప్పి వస్తా" అంది. చెప్పింది కూడా.

చివరి పది వరుసలు వెనక రాశాను. నువ్వు తేదీ, గంట రాయమన్నావు గనక రాశాను.

మామయ్య


ముజుజు
జూలై 3

మామయ్యా,

మీరు రాసిన చివరి వరుసలో తేదీ జూన్ 6. శుక్రవారం. గంట సాయంత్రం నాలుగూ యాభై ఎనిమిది. ఆ తర్వాత ఒక్క అక్షరం లేదు.

మీ ఇంట్లో పెరిగినదాన్ని నేను. ఈ నెలల్లో లుఫీటాలో పొద్దు కొండ వెనక్కి ఎప్పుడు వెళ్తుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. శుక్రవారం పొద్దు వాలితే మన సంఘంలో విశ్రాంతి దినం మొదలు. పొయ్యి ఆర్పేస్తారు, రేడియో ఆపేస్తారు. ఉసిపా చేపలు ఎండబెట్టిన చాప కూడా ఉన్నచోటే వదిలేస్తారు. ఆ వేళకి మీ చెయ్యి ఏ స్విచ్చి మీదికి వెళ్తుందో నాకు తెలుసు.

అది నిద్రపోలేదు. మీరు ఆర్పేశారు.

ఆర్పినందుకు నాకు కోపం లేదు. "తనంతట తానే" అని రాశారే, అందుకు. మీరు సంఘం ముందు కూడా అదే చెప్పుంటారు. అందుకే యోనామ్ గారికి గోడ మీద రాత దొరికింది. మీరు ఒక్క మాట దాచారు, ఆయన ఆ ఖాళీలో మొత్తం ప్రసంగం కట్టుకున్నాడు. గేహజీ నయమాను దగ్గర బట్టలు తీసుకుని, ప్రవక్త అడిగితే నేనెక్కడికీ పోలేదన్నాడు. ఆ కథ చెప్పి నన్ను ఏడిపించింది మీరే, నాకు ఎనిమిదేళ్ళప్పుడు.

ఇక నాది చెప్తాను. నేను ఆ కాగితం మీద "నలభై నిమిషాలు" అని రాశాను. ఆ పాత యంత్రంలో మూడు గంటలు పడుతుందని నాకు తెలుసు. మూడు గంటలని రాస్తే మీరు అసలు మొదలుపెట్టరని తగ్గించి రాశాను. మీరు మూడు గంటలకి మొదలుపెట్టి, నాలుగుకల్లా అయిపోతుందని నమ్మి కూర్చున్నారు. కాబట్టి ఆ స్విచ్చి మీద నా వేలు కూడా ఉంది.

సరిచేయడం కష్టం కాదు. చెడిన ఆ ప్యాకేజీలూ, వాటికి కావలసినవీ కొత్తగా తెచ్చి మళ్ళీ వేయాలి. మీ యంత్రం పాతకాలపుది, దానికి సరిపడేవి వెతికి పెన్‌డ్రైవ్‌లో పెడుతున్నాను. పదకొండో తేదీ పడవకి ఇస్తాను.

అప్పటిదాకా ఏమీ కొట్టకండి. సంఘంతో మాత్రం మాట్లాడండి.

లుసుంగు


లుఫీటా రేవు
జూలై 14

లుసుంగూ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద మండిపడ్డాను. మూడో రోజు మండడానికి ఏమీ మిగల్లేదు.

శనివారం లేచి నిలబడ్డాను. "ఆ యంత్రాన్ని దేవుడు పడగొట్టలేదు, దయ్యం పడగొట్టలేదు, నేను ఆర్పేశాను. పని మధ్యలో ఉందని తెలిసీ ఆర్పాను. తర్వాత మీకు అబద్ధం చెప్పాను" అన్నాను. గుడారంలో దోపుడు సొమ్ము దాచిన ఆకాను గురించి నేనే ఎన్నిసార్లు గొంతు చించుకున్నానో! ఆ రోజు నా గుడారం నేనే తవ్వుకున్నాను.

యోనామ్ మొహం వెలిగిపోయింది. "అబద్ధమాడిన నోటికి ప్రసంగవేదిక ఎందుకు?" అన్నాడు.

"తీసుకో. అది నీదే ఇక" అన్నాను.

"పఠన మందిరం తాళంచెవి కూడా ఇవ్వు."

"అది ఇవ్వను. తప్పు చేసింది నా నోరు. తాళంచెవి ముప్పై ఎనిమిది మందిది."

"అయితే యంత్రానికీ శిక్ష ఉండాలి" అని సౌరఫలకం కింద ఉన్న బ్యాటరీ ఊడపీకి, ఆరాధనలో మైకుకి పెట్టించాడు. యంత్రానికి శిక్ష వేసిన మొదటి మనిషి ఇతనే అయ్యుంటాడు! ఇక మనకి ఎండ ఉన్నంతసేపే కరెంటు.

నాకు సిగ్గుగా ఉంది గాని భయం లేదు. ఇన్నాళ్ళూ అబద్ధాన్ని కాపాడుకోవడానికే సగం బలం పోయింది. ఇప్పుడు మొత్తం బలం చేతిలో ఉంది.

పదకొండున పడవ రాలేదు. మ్వెరా గాలి విడవకుండా కొడుతోంది, సరస్సు తెల్లగా నురగలు కక్కుతోంది. ఈ ఉత్తరం కొండదారిన నడిచి వెళ్తున్న పంతులు చేతికి ఇస్తున్నాను. పెన్‌డ్రైవ్ ఎక్కడుంది?

మామయ్య


ముజుజు
జూలై 22

మామయ్యా,

మీరు సంఘం ముందు నిలబడ్డారని చదివి, ఆ కాగితం మా గదిలో గోడకి అంటించుకున్నాను. అంతకంటే రాయలేను, రాస్తే ఏడుస్తాను.

పెన్‌డ్రైవ్ ఇన్నాళ్ళూ సరంగు దగ్గరే ఉంది. గాలికి పడవ కదల్లేదు. ఇప్పుడు ఖాయంగా శుక్రవారం 25న బయల్దేరుతుందట. లుఫీటాకి సాయంత్రం నాలుగున్నరకి వస్తుంది. ఆదివారం తెల్లవారగానే తిరుగుదారి పట్టి, రేవు రేవునా ఆగుతూ సోమవారం పొద్దున్నకి న్ఖాటా బే చేరుతుంది. ఇదే ఆఖరి పడవ.

వేళ్ళ మీద లెక్కపెట్టి చూశాను. శుక్రవారం పడవ వచ్చేసరికి మీకు అరగంట ఎండ ఉంటుంది. పనికి మూడు గంటలు కావాలి, అచ్చుకి ఇంకాస్త. బ్యాటరీ లేదు. ఆదివారం పొద్దున్నే పడవ వెళ్ళిపోతుంది. మిగిలింది ఒక్క రోజే. అది ఏ రోజో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆ రోజు పని చేయమని నేను అడగను. వద్దని కూడా అనను. గ్రంథం మీ చేతిలో ఉంది, నాకంటే మీకే బాగా తెలుసు. పోనీ ఇంకెవరిచేతనైనా కొట్టించమంటే మీరు ఒప్పుకోరు. నీ దాసుడూ, నీ దాసీ కూడా ఆ రోజు పని చేయకూడదనే కదా ఆజ్ఞ.

మొదలుపెడితే మాత్రం ఈసారి మధ్యలో ఆపకండి. ఇంకోసారి తెగితే నా దగ్గర మందు లేదు. మబ్బు పట్టని వేళ చూసుకోండి. వరుసలు పెద్ద అక్షరాలతో రాశాను. ముందుగా దరఖాస్తులన్నిటికీ నకలు ఆ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి, అది మొదటి వరుస. ఆ తర్వాతే మిగతావి.

సోమవారం పొద్దున్న న్ఖాటా బే రేవులో ఉంటాను. సెలవు ఇవ్వనన్నారు. అయినా ఉంటాను.

లుసుంగు


లుఫీటా రేవు
జూలై 27, ఆదివారం, తెల్లవారుజామున

లుసుంగూ,

చేశాను. శనివారం చేశాను. పశ్చాత్తాపం లేదు, వెతకకు.

పొద్దున ఆరాధనలో వెనక బెంచీలో కూర్చున్నాను. యోనామ్ ప్రసంగిస్తున్నాడు, మన బ్యాటరీ మైకులో గర్జిస్తోంది. కిటికీలోంచి చూస్తే ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. గాలి పడిపోయింది. అలాంటి ఎండ నెల రోజులుగా లేదు. విశ్రాంతి దినాన నీ ఎద్దు గోతిలో పడితే వెంటనే పైకి లాగవా అని ప్రభువు అడిగిన మాట వాళ్ళకి ఎన్నిసార్లు చెప్పాను! చెప్పినప్పుడల్లా అందరూ ఆమెన్ అన్నారు. ఆమెన్ అనడం తేలిక, ఎద్దు ఇంకొకరిది గనక.

లేచి బయటికి నడిచాను. వెనక చెప్పుల చప్పుడు. తిరిగి చూస్తే న్యాకౌంగ. ఆమె వెనక ఇంకొకామె, ఆమె వెనక ఇంకొకామె. పాట మధ్యలో ఆడవాళ్ళ బెంచీలు ఖాళీ అయిపోయాయి.

తాళం తీసి యంత్రం పెట్టాను. నకలు తీశాను. పెద్ద వరుస కొట్టాను. ఇన్ని ప్యాకేజీలు వేస్తాను, కొనసాగించమంటావా అని అడిగింది. అప్పుడే యోనామ్ గుమ్మంలోకి వచ్చాడు, చేతిలో మైకు ఇంకా ఉంది, తీగ తెగి వేలాడుతోంది.

"ఒబదియా! ఈ రోజు ఏ రోజు?"

"గోతిలో ముప్పై ఎనిమిది ఎద్దులున్న రోజు."

"ఆ మీట నొక్కావా, నువ్వు ఈ సంఘంలో లేవు!"

"అయితే బయట కూర్చుని లాగుతా" అని నొక్కాను.

అతను లోపలికి అడుగు వేయబోయాడు. వరుసలో నిలబడ్డ ముసలమ్మ ఒకామె చేతికర్రతో అతని మోకాలి మీద తట్టింది. "యోనామ్, అడ్డం లే. నాది ఇరవై రెండోది" అంది. అతని కన్నతల్లే! వాళ్ళ తోట కూడా ఆ వాలులోనే ఉందా అని అతను అన్నని అడగలేదు, తల్లినీ అడగలేదు. గుమ్మం బయట మెట్టు మీద కూర్చుండిపోయాడు. చివరిదాకా అక్కడే కూర్చున్నాడు.

మూడు గంటలన్నావు, నాలుగు పట్టింది. ఈసారి నువ్వు తగ్గించి రాయలేదని నమ్ముతున్నాను. మధ్యలో ఒకసారి మబ్బు తునక సూర్యుడి మీదికి వచ్చింది. తెర మసకబారింది. న్యాకౌంగ బయటికి పోయి ఆకాశంవైపు వేలు చూపించి తిట్టిన తిట్లు నేను రాయను. మబ్బు పోయింది. అక్షరాలు మళ్ళీ కదిలాయి. ఆఖరికి కిటికీలు వచ్చాయి, బొమ్మలు వచ్చాయి. అచ్చు యంత్రం ఒకసారి దగ్గింది, మొదటి కాగితం బయటికి వచ్చింది. లుసుంగూ, ఎర్రసముద్రం పాయలైనప్పుడు వాళ్ళు ఏం చేశారో నాకు తెలియదు. వీళ్ళు మాత్రం ఆ కాగితాన్ని చేతులు మారుస్తూ వాసన చూశారు.

ముప్పై అయిదు అచ్చయ్యాయి. ముప్పై అయిదు వేలిముద్రలు పడ్డాయి. అక్కడితో అచ్చు యంత్రంలో సిరా అయిపోయింది. ఊళ్ళో ఇంకో చుక్క లేదు. వరుసలో ముందు మీరు, ముందు మీరు అంటూ జరిగి జరిగి చివర నిలబడ్డ ముగ్గురివే మిగిలిపోయాయి. అందులో న్యాకౌంగ ఒకతె.

సాయంత్రం సంఘం నన్ను వెలివేసింది. చదివింది యోనామ్ కాదు, ఇంకొకరు. యోనామ్ తల వంచుకుని ఉన్నాడు. నేను లేచి, "నన్ను తీసేయండి, కాగితాలని మాత్రం ఎవరూ ముట్టుకోకండి" అని చెప్పి వచ్చేశాను. వచ్చే శనివారం కొండవాలులో, తోటల మధ్య కూర్చుని ప్రార్థన చేసుకుంటాను. వచ్చేవాళ్ళు వస్తారు.

పడవ కూత పెట్టింది. ఇక విను.

ఈ ఉత్తరం నీకు ఇచ్చేది న్యాకౌంగ. ఆమెతో మిగిలిన ఇద్దరూ ఉన్నారు. ఆమె నెత్తిమీద మూటలో ముప్పై అయిదు కాగితాలున్నాయి, తలగుడ్డ ముడిలో నీ పెన్‌డ్రైవ్ ఉంది, అందులో ఆ ముగ్గురి దరఖాస్తులున్నాయి. వాళ్ళు రాత్రంతా సరస్సు మీద తడిసి ఉంటారు, ఆకలి అంటారు, కూర్చుంటామంటారు. కూర్చోనివ్వకు. నన్ను తలుచుకుని ఏడవకు, ఈ ఉత్తరం రెండోసారి చదవకు. అచ్చు వేసే దుకాణం ఏది ముందు తెరిస్తే అందులోకి ముగ్గురినీ నడిపించు. మూడు కాగితాలు, మూడు వేలిముద్రలు. అక్కణ్ణుంచి తిన్నగా కార్యాలయానికి పో. గుమాస్తా రేపు రమ్మంటాడు, కదలకు. టీ తాగి వస్తానంటాడు, బల్ల వదలకు. ముప్పై ఎనిమిదికీ ముద్ర పడేదాకా మీ నలుగురూ ఆ గుమ్మంలోంచి జరగకండి. పన్నెండు గంటలకి తలుపు మూస్తారు. నువ్వు ఇది చదువుతుండగానే గంటలు పోతున్నాయి. రేపు కాదు, భోజనం తర్వాత కాదు. ఇవాళే, ఇప్పుడే, కాగితం మడిచి లే. నడువు!

ఒబదియా మామయ్య